మూడో పిలుపు

రెండుసార్లు పిలిచి తవిటయ్య ఆగాడు. ఒక చెయ్యి సైకిలు సీటు మీద ఉంది, చంకలో కాల్ బుక్కు ఉంది. లోపల్నించి ఉలుకూ పలుకూ లేదు. ఉండదని అతనికి తెలుసు. డ్రైవర్ ఆదిబాబు రెండో పిలుపుకి పలికే మనిషి కాడు.

"ఆదిబాబు గారో, తొమ్మిదింటి డాంగువాపోసి గూడ్సండీ," అని మూడోసారి పిలిచాడు.

మంచం కిర్రుమంది. కిటికీ రెక్క తెరుచుకుని ఊచల మధ్యనుంచి ఓ చెయ్యి బయటికొచ్చింది. తవిటయ్య ఆ చేతిలో పెన్సిలు పెట్టి, పుస్తకంలో సరైన గడి దగ్గర తన వేలు ఆనించి చూపించాడు. కళ్ళు తెరవకుండానే ఆదిబాబు సంతకం గీకేశాడు. చెయ్యి లోపలికెళ్ళిపోయింది.

ఇంకొకడైతే అక్కడితో సైకిలెక్కేవాడు. సంతకం దొరికిందంటే కాల్ బాయ్ పని అయిపోయినట్టే. ఆ తర్వాత బండి ఆలస్యమైతే తిట్లు డ్రైవరుకి. తవిటయ్య మాత్రం గోడకి చేరబడి నిలబడ్డాడు. నిద్రలో సంతకం పెట్టి మళ్ళీ ముసుగు తన్నేవాళ్ళని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాడు. అతనికి కావలసింది సంతకం కాదు, నీళ్ళ చప్పుడు. పెరట్లో చెంబు బాల్చీలో మునిగి, మొహాన నీళ్ళు పడి, మనిషి గట్టిగా ఊపిరి వదిలినప్పుడే అతని లెక్కలో ఆ మనిషి లేచినట్టు. కాసేపటికి చెంబు చప్పుడైంది. అప్పుడు సైకిలెక్కాడు.

అది ఎనభై మూడు, ఏప్రిల్ నెల. టాటానగర్ లోకో షెడ్డులో డ్యూటీకి రావలసిన డ్రైవర్లనీ వాళ్ళ అసిస్టెంట్లనీ ఇంటింటికీ వెళ్ళి లేపి, పుస్తకంలో సంతకం పెట్టించుకు రావడం తవిటయ్య ఉద్యోగం. అతను లేపిన మనిషి ఎక్కక బండి ఆగిపోయిందన్న మాట ఆ ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా పడలేదు. దానికి ఎవరూ దండ వెయ్యలేదు. వేస్తారని అతనూ అనుకోలేదు. చదువు రాదు. ఎవరి పేరు ఎన్నో గడిలో ఉందో షెడ్డులో ఒక్కసారి చదివించుకుంటే చాలు, రోజంతా మరిచిపోడు. ఊరందరి సంతకాలూ పట్టుకొచ్చే ఆ మనిషి, జీతం రోజున మాత్రం సిరా డబ్బాలో బొటనవేలు ముంచేవాడు.

ఆ ఉద్యోగం పేరే అతనికో ముల్లు. ఇరవై ఆరేళ్ళప్పుడు కాల్ బాయ్ అని రాశారు, యాభై ఆరేళ్ళొచ్చినా ఆ రాత మారలేదు.

"బాయంటే గుంటడు గదండీ. యాభయ్యారేళ్ళ గుంటడు మా షెడ్డులో తప్ప ఎక్కడా దొరకడు," అని తనే అందరినీ నవ్వించేవాడు. కానీ నిన్నగాక మొన్న చేరిన ఫిట్టరు కుర్రాళ్ళు "ఏ బాయ్" అని కేకేసిన రోజు అతనికి అన్నం దిగేది కాదు. షెడ్డులో కుర్చీలో కూర్చునేవాళ్ళందరూ బాబులే. హెడ్ క్లర్కు సీతారామరావు బాబు, స్టోర్సులో ఘోష్ బాబు, టైమాఫీసులో ఇంకో బాబు. నిలబడి పనిచేసేవాళ్ళకి ఆ మాట అంటించరు. తవిటయ్యని బాబూ అని పిలిచేవాడు లోకంలో ఒక్కడే, కొడుకు గోవిందరావు. అదీ వేరే అర్థంలో. పాలకొండ వైపు తండ్రిని బాబు అంటారు.

ఆ పాలకొండ పక్క పల్లెలోనే తవిటయ్య తల్లికి ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. నాలుగోవాడు పుట్టగానే ఆమె వాణ్ణి పొరుగావిడకి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. బిడ్డ తనది కాదు, తవుడుకి కొన్నదని మృత్యువుని నమ్మించడం అన్నమాట. అందుకే ఆ పేరు. అంత కష్టపడి దక్కించుకున్న పిల్లాడికి ఆమె ఒక సంగతి మరీ మరీ చెప్పింది. చీకట్లో ఎవరు పేరు పెట్టి పిలిచినా మొదటి పిలుపుకి పలక్కు, మనిషి కానిది ఒక్కసారే పిలుస్తుంది. ఆ మాట పట్టుకుని అతను పట్టపగలు కూడా ఏ గుమ్మంలోనైనా మూడుసార్లు పిలిచేవాడు. బీహారీలకీ బెంగాలీలకీ ఈ గొడవ తెలీదు. ఎందుకలా అని అడిగితే, "మొదటిది గాలికి, రెండోది కలకి, మూడోది మనిసికి," అనేవాడు.

ఆ రోజు చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. పదకొండింటికి రైల్వే ఆసుపత్రిలో కళ్ళ పరీక్ష.

ఏడాదిగా కుడికంటికి పొర కమ్మింది. ఎడమ కన్ను బాగానే ఉంది. సంగతి గమనించిన సీతారామరావు ఓ రోజు అతన్ని పక్కకి పిలిచాడు. ఆయనదీ ఆ వైపే, విజయనగరం. మనసు మంచిది. "కన్ను కనబడటం లేదని అర్జీ పెట్టుకో తవిటయ్యా. అన్‌ఫిట్ అని రాస్తే నీ ఉద్యోగం నీ కొడుక్కిస్తారు. రెండేళ్ళు ఆగి మామూలుగా దిగిపోయావనుకో, వాడికీ ఏం రాదు, మీరు క్వార్టరూ ఖాళీ చెయ్యాలి," అన్నాడు. అబద్ధం ఆడే పని కూడా లేదు. డాక్టరు అడిగినప్పుడు ఉన్నమాట చెబితే చాలు.

తెల్లవారుతూనే ఇంట్లో ఆ మాటే నడిచింది. తవిటయ్య భార్య చిలకమ్మ టీ గ్లాసు చేతికిస్తూ మరోసారి గుర్తు చేసింది.

"మర్సిపోకు. కుడికన్నుతో సూడమన్నప్పుడు ఏటీ కనబడ్నేదని సెప్పు."

"కనబడ్నేదు గదే. సెప్పడానికేటి," అన్నాడు తవిటయ్య.

గోవిందరావు పెరట్లో కిరసనాయిల్లో కుంచెలు కడుక్కుంటున్నాడు. ఇరవై రెండేళ్ళు. మెట్రిక్ పాసయ్యాడు. పర్సుడీహ్ బజారులో కొట్లకి బోర్డులు రాస్తాడు. హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు, అడిగితే ఒడియా, తెలుగు. పనుంటే ఉంటుంది, లేకపోతే లేదు. వానాకాలం వచ్చిందంటే నాలుగు నెలలు నిచ్చెన గోడకి చేరబడే ఉంటుంది.

"ముఝ్‌సే నహీఁ హోగా అమ్మా," అన్నాడు తలెత్తకుండా.

"నీవల్ల ఎందుకవదు? మీ బాబు సేసిన పనేగదా."

"బాబు సేసినట్టు నావల్ల అవదు. ఆయన లేపితే మనుషులు లెగుత్తారు. నాను లేపితే సంతకం పెడతారు, బస్."

చిలకమ్మకి ఒళ్ళు మండింది. "గోడలకి రంగులు పూసుకుని ఎన్నాళ్ళు తింటావురా? రెండేళ్ళు పోతే ఈ కొంప కూడా ఉండదు. నిచ్చెన కింద తొంగుంటామా ముగ్గురం?"

తవిటయ్య మెల్లిగా అన్నాడు. "రైలు ఉజ్జోగం ఒగ్గేసినోడు మన పక్క ఒక్కడు లేడురా. నాను ఎలా వచ్చినానో నీకు తెల్దు."

తెలుసు. చిన్నప్పట్నించి వింటూనే ఉన్నాడు. ఊళ్ళో రెండేళ్ళు వానల్లేక, మేనమామ వెంట టిక్కెట్టు లేకుండా రైలెక్కి, మధ్యలో రెండుచోట్ల దింపేస్తే నడిచి, షెడ్డులో బొగ్గు తట్టలు మోసి, మోసి, చివరికి నెలనెలా జీతం వచ్చే ఓ పేరు సంపాదించుకున్నాడు తండ్రి. ఆ జీతమంటే ఆయనకి దేవుడితో సమానం. దాన్ని కొడుకు చేతిలో పెట్టి వెళ్ళాలనుకోవడం తప్పా? గోవిందరావు తప్పనలేదు. కుంచె గుడ్డలో చుట్టి లేచాడు.

"ఠీక్ హై. వత్తే సేత్తాను," అన్నాడు నేలకేసి చూస్తూ.

వాడు గట్టిగా దెబ్బలాడి ఉంటే తవిటయ్యకి బాధ ఉండకపోను. ఆ నేలచూపు మాత్రం అతని వెంట పడింది. ఆదిబాబు ఇంటి దగ్గర్నుంచి ఇంకో రెండిళ్ళు లేపి, సంతకాలు షెడ్డులో చూపించి, మళ్ళీ బయల్దేరేదాకా అది వదల్లేదు.

తొమ్మిదింటికి పర్సుడీహ్‌లో ఓ అసిస్టెంటుని పిలవాల్సి ఉంది. పిలిచాడు, మూడుసార్లు. నీళ్ళ చప్పుడు విన్నాడు. తిరిగి వస్తూ బజారు మలుపులో సైకిలు దిగి నడిపించుకుంటున్నాడు, జనం ఎక్కువగా ఉన్నారని. అక్కడ బట్టల కొట్టు ముందు వెదురు నిచ్చెన మీద కొడుకు కనబడ్డాడు.

పలకరిద్దామని నోరు తెరిచాడు. ఊరందరినీ పిలిచే మనిషికి, ఎందుకో, పిలవాలనిపించలేదు. ఎదురుగా ఉన్న టీ కొట్టు నీడలో నిలబడి చూశాడు.

గోవిందరావు బోర్డు మీద ఓ పెద్దక్షరానికి ఒంపు తిప్పుతున్నాడు. కుంచె ఆనించే ముందు ఊపిరి బిగపట్టాడు. ముంజేతి కింద చిన్న కర్ర ఆధారం పెట్టుకుని, పైనుంచి కిందికి, ఆగకుండా, ఒక్క లాగు. అప్పుడు ఊపిరి వదిలాడు. నిచ్చెన దిగాడు. ఎడమవైపూ కుడివైపూ రిక్షాలు చూసుకుని రోడ్డు దాటి ఇటు వచ్చి, తండ్రికి పది అడుగుల దూరంలో ఆగి, తల ఓ పక్కకి వాల్చి బోర్డుకేసి చూశాడు. పక్కన ఎవరున్నారో చూసుకోలేదు. మళ్ళీ రోడ్డు దాటి నిచ్చెనెక్కి, ఆ ఒంపు కొసని కుంచెతో ఇంత తాకాడు. మళ్ళీ దిగాడు. మళ్ళీ ఇటొచ్చాడు. మళ్ళీ చూశాడు.

"అరే హో గయా, బస్ కరో," అని కొట్టు సేటు గల్లా దగ్గర్నించి అరిచాడు. ఆయనకి బోర్డు తొందరగా పూర్తయితే చాలు.

"అభీ నహీఁ హువా సేఠ్‌జీ," అంటూనే గోవిందరావు మళ్ళీ నిచ్చెనెక్కాడు.

తవిటయ్యకి అక్షరం ముక్క రాదు. ఆ అక్షరంలో వంకరేమిటో, సర్దిందేమిటో మంచి కన్నుతో చూసినా తెలీలేదు. కానీ ఆ రోడ్డు దాటి రావడం, ఆ తల వాల్చడం, యజమాని అయిపోయిందన్నాక కూడా తనకి అవలేదనడం, అదంతా అతనికి తెలిసిన సంగతే. సంతకం దొరికాక కూడా గోడకి చేరబడి నిలబడే మనిషికి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. సైకిలు బెల్లు మోగకుండా చేత్తో అదిమిపట్టి, మెల్లిగా నడిపించుకుని వెళ్ళిపోయాడు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద అతని ముందు ఆరుగురున్నారు. గేంగుమేన్లు, కలాసీలు. తలుపుకి బదులు ఆకుపచ్చ తెర వేలాడుతోంది. చదువు రానివాళ్ళకి అక్షరాల అట్ట బదులు మూడు కాళ్ళ బొమ్మల అట్ట పెడతారు. కాళ్ళు పైకున్నాయో కిందికున్నాయో, కుడికో ఎడమకో హిందీలో చెప్పాలి. కాంపౌండరు కర్రతో ఒక్కో బొమ్మనీ కొట్టి చూపిస్తున్నాడు. లోపలున్నవాడు చెబుతున్నాడు. అన్నీ తెర బయటికి వినబడుతున్నాయి.

టక్. "ఊపర్." టక్. "దాయేఁ." టక్. "దాయేఁ." టక్. "నీచే." టక్. "బాయేఁ."

మొదటివాడి పాఠం తవిటయ్య చెవిన పడింది, అంతే. రెండోవాడు లోపలికెళ్ళేసరికి అతను వింటున్నాడు. మూడోవాడు తడబడిన చోట, అది ఎడమ కాదు కిందికని మనసులో దిద్దాడు. నలభై మంది డ్యూటీలు పుస్తకం తెరవకుండా అప్పజెప్పే బుర్రకి ఆ ఇరవై బొమ్మలు ఎంత. నాలుగోవాడు బయటికొచ్చేసరికి పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ వచ్చేసింది. తనేం చేస్తున్నాడో అప్పుడే అతనికీ పూర్తిగా తెలిసింది. చిలకమ్మ గుర్తొచ్చింది. క్వార్టరు గుర్తొచ్చింది. రెండేళ్ళ తర్వాత సంగతి రెండేళ్ళ తర్వాతే చూసుకోవాలనుకున్నాడు.

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో తవిటయ్య చేసిన మోసం అదొక్కటే.

ఎడమ కంటికి అట్టముక్క అడ్డం పెట్టారు. ఎదురుగా అంతా పొద్దున్నపూట షెడ్డులో పొగలా ఉంది. గోడా, అట్టా, మనిషీ కలిసిపోయి ఉన్నాయి. కర్ర చప్పుడు మాత్రం శుభ్రంగా వినబడింది.

టక్. "ఊపర్," అన్నాడు. టక్. "దాయేఁ." టక్. "దాయేఁ." మరీ గబగబా చెబితే బాగుండదని కింది వరసలో రెండుచోట్ల కళ్ళు చిట్లించి ఆగాడు. కట్టకడపటి బొమ్మ కూడా తప్పకుండా చెప్పాడు.

డాక్టరు టార్చి వేసి ఆ కంట్లోకి చూశాడు. పొర ఆయనకి కనబడింది. ఈ పొరలోనుంచి ఇంత చిన్న బొమ్మ ఎలా కనబడిందో ఆయనకి అంతుపట్టలేదు. కాగితం తిరగేసి, "ఫిర్ అర్జీ క్యోఁ దీ?" అన్నాడు, మరి అర్జీ ఎందుకు పెట్టావని.

"తబ్ నహీఁ దిఖ్తా థా సాబ్," అన్నాడు తవిటయ్య చేతులు కట్టుకుని. "అబ్ దిఖ్తా హై."

అప్పుడు కనబడలేదు, ఇప్పుడు కనబడుతోంది. డాక్టరు అతని మొహంలోకి ఓ క్షణం చూశాడు. బయట ఇంకా పాతికమంది ఉన్నారు. ఫిట్ అని రాసి, ఏడాది పోయాక మళ్ళీ రమ్మన్నాడు.

ఒంటిగంటకి తవిటయ్య సైకిలు మళ్ళీ పర్సుడీహ్ బజారులో ఆగింది. గోవిందరావు నిచ్చెన కింద కూర్చుని రొట్టె తింటున్నాడు. పైన బోర్డు పూర్తయి తళతళలాడుతోంది.

"పాసైపోనాను," అన్నాడు తవిటయ్య.

"ఏటి పాసు?"

"కళ్ళు. రెండూ. ఫిట్టని రాసేసినారు."

గోవిందరావు తినడం ఆపి తండ్రి కుడికంటికేసి చూశాడు. రోజూ ఆ కంట్లో మందు చుక్కలు వేసేది వాడే. "ఝూఠ్. ఎలా సెప్పినావు బాబూ?"

"ఎలాగోలా సెప్పినాను. ఇంక రెండేళ్ళు సైకిలు తొక్కుతాను. ఈలోగా నీ పని నువ్వు నిలబెట్టుకో."

"మరి అమ్మ?"

"మీ అమ్మతో నాను పడతానులే." తవిటయ్య బోర్డుకేసి గెడ్డం ఎత్తి చూపించాడు. "పొద్దున్న సూసినాను నిన్ను. రోడ్డు దాటొచ్చి సూసి, ఎల్లి దిద్దినావు. మళ్ళా వచ్చినావు."

"ఆ అచ్చరం కొస వంకరగా ఉండింది."

"నాకు కనబడ్నేదు. సేటుకీ కనబడ్నేదు. నీకొక్కడికే కనబడింది. అదీ పనంటే. నాకిన్నాళ్ళూ తెల్దురా గోవిందూ, నువ్వు పన్లో ఉన్నావని."

కొడుకు కళ్ళు నిండాయి. ఆ బజారులో ఏడిస్తే బాగుండదని లేచి, కొట్టు వెనక్కి వెళ్ళి, అరచెయ్యంత వెడల్పూ మూరెడు పొడుగూ ఉన్న రేకుముక్క పట్టుకొచ్చాడు. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు. పైన తెలుగు, కింద హిందీ. ఉద్యోగం దిగిపోయి వస్తాడు కదా తండ్రి, ఆ రోజు చేతిలో పెడదామని పొద్దున్న మిగిలిన రంగుతో రాసిపెట్టాడు.

"ఏటి రాసినావు?" అంటూ తవిటయ్య రేకు అందుకుని, ఎడమ కంటికి దగ్గరగా తెచ్చుకుని, ఓ అక్షరం మీద బొటనవేలు పెట్టి తడిమాడు.

"ఛూనా మత్, గీలా హై, ఇంకా తడారలేదు," అని కొడుకు అనేసరికే వేలు అంటుకుంది.

"ఏటి రాసినావని అడుగుతున్నా."

"తవిటయ్య బాబు."

తవిటయ్య వేలికి అంటిన తెల్లరంగు చూసుకున్నాడు. "షెడ్డులో నవ్వుతారురా. నాను బాయ్‌ని."

"నవ్వనీ. నాకు బాబువే గదా. నా బోర్డు, నా ఇష్టం." గోవిందరావు జేబులోంచి గుడ్డ తీశాడు. "ఇటియ్యి, ఆ మరక తుడిసేసి మళ్ళా రాత్తాను."

తవిటయ్య రేకుని వెనక్కి లాక్కున్నాడు. "ఉంచీ. ఊరందరిసేతా సంతకాలు పెట్టించినాను. నాదొకటుండనీ," అన్నాడు నవ్వుతూ. నాలుగింటికి ఇంటికొచ్చి తీగతో సైకిలుకి కట్టిపెట్టమన్నాడు. కాల్ బుక్కు షెడ్డులో అప్పగించి, రెండుంపావుకి ఇల్లు చేరాడు. రంగు అంటుకోకుండా దారంతా ఆ రేకుని ఒక చేత్తో ఎత్తి పట్టుకునే వచ్చాడు.

చిలకమ్మ కాగితం అడిగింది. అతను ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె అరవలేదు. కంచంలో అన్నం, చారు, వేయించిన మిరపకాయ పెట్టి, తను గోడవైపు తిరిగి కూర్చుంది.

"వాడు గీత గీత్తంటే నువ్వు సూడలేదు సిలకా," అన్నాడు తవిటయ్య అన్నం కలుపుతూ.

ఆమె పలకలేదు.

"ఓపాలి ఎల్లి సూడు. అప్పుడు తిట్టు."

అప్పుడూ పలకలేదు. అతను చెయ్యి కడుక్కుని చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. సైకిలు హేండిలుకి ఆనించి రేకుని నీడలో ఆరబెట్టాడు. ఎండ మండిపోతోంది. వరండాలో నవారు మంచం వాల్చుకుని, తడి తువ్వాలు ఛాతీ మీద వేసుకుని పడుకున్నాడు. "గోవిందు వచ్చి లేపుతాడు," అన్నాడు. చిలకమ్మ అంట్లు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఆ మూడు మాటలకీ ఒక్క మాటైనా బదులు చెప్పనందుకు ఆమె తర్వాత ఎన్ని రోజులు ఏడ్చిందో ఆ వీధికంతకీ తెలుసు.

నాలుగింటికి గోవిందరావు తీగ చుట్టా, పట్కారూ పట్టుకుని వచ్చాడు. రేకు ఆరిపోయింది. వేలిగుర్తు అలాగే ఉంది. తండ్రి గోడవైపు ఒత్తిగిలి పడుకున్నాడు.

"బాబూ," అని పిలిచాడు.

తీగ విప్పి, హేండిలు కింద రేకు ఎంత ఎత్తున కడితే బాగుంటుందో కొలత చూసుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేసి, తల వాల్చి చూశాడు.

"బాబూ, ఇక్కడ కట్టనా?"

పెరట్లో చిలకమ్మ నూతిలోంచి నీళ్ళు తోడుతోంది. చేద గట్టుకి తగిలిన చప్పుడు వినబడింది. గోవిందరావు మంచం దగ్గరికి వెళ్ళాడు. తువ్వాలు పక్కకి జారి ఉంది. ముప్ఫై ఏళ్ళు ఊరందరి గుమ్మాల్లోనూ తండ్రి పిలిచినట్టే, గొంతు కొంచెం పెంచి, మూడోసారి పిలిచాడు.

"బాబూ."

గుండె ఆగిపోయిందని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. నిద్రలోనే అయిపోయింది, బాధ తెలిసి ఉండదన్నారు. ఆదిబాబు డాంగువాపోసి నుంచి తిరిగొచ్చి, డ్యూటీ బట్టల్లోనే పాడె మోశాడు. నన్ను లేపినోడివి నువ్వే, ఇంకెవరు లేపుతారు నన్ను, అని అంత పెద్ద మనిషీ దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాడు.

పన్నెండో రోజు వెళ్ళాక సీతారామరావు ఓ ఫారం పట్టుకుని వచ్చాడు. ఉద్యోగంలో ఉండగా పోయాడు కాబట్టి ఇంట్లో ఒకరికి రైల్వేలో పని ఇస్తారు. అన్‌ఫిట్ అని రాయించుకుని తెచ్చుకోవాలనుకున్నదే ఇలా వచ్చింది. ఆయన పెన్ను తీసి, "నీ పేరు రాస్తున్నానయ్యా," అన్నాడు.

గోవిందరావు నేలకేసి చూశాడు. "ఠీక్ హై," అన్నాడు.

"ఆగండి బాబూ," అంది చిలకమ్మ గుమ్మంలోంచి. "నా పేరు రాయండి."

సీతారామరావు తలెత్తాడు. "నీకేం పనిస్తారమ్మా? ప్లాట్‌ఫారం మీద నీళ్ళు పొయ్యాలి. ఎండలో నిలబడాలి."

"నీళ్ళు తోడ్డం నాకు రాదేటి. నానే సేత్తాను."

"అది కాదమ్మా, చదువుకున్న కొడుకుండగా..."

"వాడికి పనుంది," అంది చిలకమ్మ. కొంగు అడ్డం పెట్టుకోకుండానే ఏడుస్తోంది, కానీ గొంతు వణకలేదు. "ఆ మనిసి గుడ్డి కంటితో పాసైపోయొచ్చినాడు. ఎందుకొచ్చినాడో నాకు తెల్సు. ఆ పాసు నా సేతుల్తో నాను పాడుసెయ్యను."

సీతారామరావుకి ఆ మాట అర్థం కాలేదు. అయినా ఏమీ అడగకుండా ఫారం మీద ఆమె పేరు రాసి, సిరా డబ్బా తెరిచి పట్టుకున్నాడు.

జూన్ మొదట్లో చిలకమ్మ టాటానగర్ ప్లాట్‌ఫారం మీద నీళ్ళు పొయ్యడానికి చేరింది. క్వార్టరు నిలిచింది. గోవిందరావు వానాకాలం మొదలయ్యేలోగా పర్సుడీహ్‌లో ఇంకో ఆరు బోర్డులు రాశాడు. ఓ సెలవురోజు చిలకమ్మ బజారుకి వెళ్ళి, టీ కొట్టు నీడలో నిలబడి, కొడుకు నిచ్చెన దిగడమూ ఎక్కడమూ చాలాసేపు చూసి, పిలవకుండానే తిరిగొచ్చింది.

సైకిలు ఇప్పుడు గోవిందరావు తొక్కుతున్నాడు. వెనక కేరియరుకి రంగు డబ్బాలు, పక్కన కుంచెల సంచీ, ముందు హేండిలు కింద తీగతో కట్టిన రేకు. ఎవరికీ కనబడని వంకర కోసం రోజుకి పదిసార్లు రోడ్డు దాటే మనిషి ఆ రేకుని మాత్రం దిద్దలేదు. నీలం మీద తెల్లగా తవిటయ్య బాబు అని ఉంటుంది, చివరి అక్షరం మీద బొటనవేలి గీతలన్నీ ఒక్కటి కూడా చెదరకుండా రంగులో ఆరిపోయి ఉంటాయి.